నాకు లేని బీపీ

నాకు బీపీ లేదు, ఎప్పుడూ లేదు. అయినా చాలాకాలం పాటు మా చుట్టపక్కాల లెక్కలో నేను బీపీ మనిషిని. గుంటూరులో సైకియాట్రిస్టు రాసిచ్చిన ఎస్సిటాలోప్రామ్ మాత్రలు తెచ్చి, మా నాన్నగారు పోయాక మిగిలిపోయిన బీపీ మాత్రల ప్లాస్టిక్ డబ్బాలో పోసి, ఫ్రిజ్ మీద నలుగురికీ కనబడేలా ఉంచేవాణ్ణి. బీపీ మర్యాదస్తుల జబ్బు. బ్యాంకు మేనేజరుకి బీపీ లేదంటేనే జనం అనుమానంగా చూస్తారు. డిప్రెషన్ అంటే మాత్రం "అంత ఉద్యోగం, సొంతిల్లు, పిల్లాడు అమెరికాలో, ఇంకేం రోగం?" అంటారు. ఆ మాట పడలేక అబద్ధమాడాను. మా ఆవిడ వద్దువద్దంటూనే వంత పాడింది.

శిక్ష ఆ వారంలోనే పడింది. మా అమ్మ నా కంచం మీద నిఘా పెట్టింది. నాకు వేరేగా చప్పిడి పప్పు, చప్పిడి కూర. కొత్త ఆవకాయ జాడీ తీసిన రోజున అందరి కంచాల్లోనూ ఎర్రగా నూనె తేలుతుంటే, నా కంచంలో పెరుగన్నం, పక్కన పచ్చి దోసకాయ ముక్క. "బీపీ ఉన్నవాడివి, నీకెందుకురా" అంటూ జాడీకి గుడ్డ బిగించి కట్టేసింది. గుంటూరు జిల్లాలో పుట్టి, లేని జబ్బు కోసం ఆవకాయ మానేసినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. అప్పుడైనా నోరు విప్పి ఉండొచ్చు. విప్పలేదు. మనసు బాగాలేదని చెప్పడం కంటే ఉప్పు లేకుండా తినడమే తేలికనిపించింది.

ముందుగా ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను ధ్యానంలోకి దిగింది మనశ్శాంతి కోసమని ఊరంతా చెప్పాను. నాకూ అలాగే చెప్పుకున్నాను. అది సగమే నిజం. నలుగురిలో చెప్పుకోగల మందు కావలసి వచ్చింది నాకు. మాత్ర వేసుకుంటే రోగి అంటారు, కళ్లు మూసుకుని కూర్చుంటే సాధకుడంటారు. ఏది పనిచేస్తుందో చూసి కాదు, ఏది పరువు నిలుపుతుందో చూసి వైద్యం ఎంచుకున్నాను.

తెనాలి బ్రాంచికి బదిలీ అయిన ఏడాది మొదలైంది జబ్బు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది. ఫలానా లోను పత్రాల్లో ఈసీ సరిగ్గా చూశానా, హామీదారు సంతకం పెట్టాడా అని తెల్లారేదాకా అదే గోల. పొద్దున మంచం దిగడానికి నాతో నేనే బేరమాడుకోవాలి. ఇష్టమైన పాత సినిమా టీవీలో వస్తుంటే లేచి వెళ్లిపోయేవాణ్ణి. మా ఆవిడే పట్టుబట్టి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆ డాక్టరమ్మ తీరిగ్గా అన్నీ అడిగి, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించి, డిప్రెషనూ ఆందోళనా రెండూ ఉన్నాయని తేల్చి, రోజుకి 10 మిల్లీగ్రాముల మాత్ర రాసింది. "రెండు మూడు వారాల దాకా మీకేమీ తెలియదు. తర్వాత తెలుస్తుంది. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు" అంది. నెల దాటేసరికి తెలిసింది. అన్నం రుచి తిరిగొచ్చింది, ఉప్పు లేని అన్నమే అయినా.

ఆ రోజుల్లోనే మా పై ఆఫీసు వాళ్లు ఒత్తిడి తగ్గించుకోవడం మీద ధ్యాన తరగతి ఒకటి పెట్టారు. ఆదివారం పెట్టారు. హాజరు తప్పనిసరి అన్నారు. ముగ్గురి పని ఒక్కడు చేసే బ్రాంచిలో ఒత్తిడి ఎక్కణ్ణుంచి ఊడిపడుతోందో ఆ తరగతిలో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అందరం బుద్ధిగా కళ్లు మూసుకున్నాం. సోమవారం ఇన్సూరెన్సు పాలసీల టార్గెటు ఎక్కడిదక్కడే ఉంది.

అసలు ధ్యానం దొరికింది అక్కడ కాదు. మా కొలీగ్ ఒకాయన తెల్లవారుజామున మైదానంలో నడక అయ్యాక పదిమందిని గడ్డి మీద కూర్చోబెట్టేవాడు. శ్వాస మీద ధ్యాస అన్నది మనకి కొత్తేమీ కాదు. 1990లో ధ్యాన గురువు పత్రీజీ కర్నూలులో మొదలుపెట్టిన దగ్గర్నుంచీ మన ఊళ్ల గోడల మీద చదువుతూనే ఉన్నాం. వచ్చే గాలినీ పోయే గాలినీ గమనించాలి, మనసు జారిపోతే తిట్టుకోకుండా మళ్లీ తెచ్చుకోవాలి. అంతే పని. మొదట్లో నా మనసు ముక్కు దగ్గర కంటే మొండి బకాయిల దగ్గరే ఎక్కువసేపు ఉండేది. కొన్నాళ్లకి చిన్న తేడా కనబడింది. పింఛను పడలేదని ఒక పెద్దాయన కౌంటరు మీద అరచేత్తో బాది అరిచాడు. మామూలుగా అయితే నా గొంతు ఆయన గొంతుని దాటేసేది. ఆ రోజు నా చెవులు వేడెక్కడం నాకే తెలిసింది. మాట నాలుక చివరిదాకా రావడమూ తెలిసింది. అది తెలిసేసరికి అనాల్సిన అవసరం తీరిపోయింది. ఆయన్ని కూర్చోబెట్టి చూస్తే నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. బతికున్నానని రుజువు చూపమన్నందుకు కోపం రావడంలో న్యాయం ఉందని కూడా ఆ రోజే తోచింది.

ఈ మేలు కల్పన కాదు. ఊపిరి నిదానంగా వదిలితే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. 1979లో జాన్ కబట్-జిన్ అనే ఆయన మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో, బౌద్ధ ధ్యానంలోంచి మతాన్ని పక్కన పెట్టి, ఎనిమిది వారాల తరగతిగా మలిచి, ఏళ్ల తరబడి నొప్పులతో తిరిగే రోగులకి నేర్పాడు. ఆ తర్వాత వందల పరీక్షలు జరిగాయి. 2014లో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు వాటిలో గట్టిగా నిలిచే 47 పరీక్షల్ని, మొత్తం 3,515 మందిని కలిపి లెక్క చూశారు. ఆందోళన, దిగులు, నొప్పి కొంత తగ్గుతాయనడానికి ఓ మోస్తరు ఆధారం ఉందన్నారు. మందులకంటే, వ్యాయామం కంటే ఎక్కువ మేలనడానికి ఆధారం లేదనీ అదే నోటితో అన్నారు. ఇవన్నీ నేను బోల్తాపడ్డాక చదివిన చదువులు. అప్పటికి నా చదువంతా వాట్సాప్ గ్రూపులోనే.

2022 చివర్లో ఆ గ్రూపులో ఒక వార్త తిరిగింది. ఆందోళన జబ్బుకి ధ్యానం మాత్రతో సమానంగా పనిచేస్తుందని అమెరికా పరిశోధకులు తేల్చారట. కింద మాత్ర పేరు ఉంది: ఎస్సిటాలోప్రామ్. మా ఫ్రిజ్ మీది డబ్బాలో ఉన్నది అదే! ప్రపంచంలో ఇన్ని వేల మందులుండగా నా మందు పేరే రావడం దైవ సంకల్పం కాక మరేమిటి? ఆ రాత్రే నిశ్చయించుకున్నాను.

వార్త అబద్ధం కాదు. పరిశోధన నిజం, ఫలితమూ నిజం. 276 మంది మీద చేశారు. మాత్ర వేసుకున్నవారిలో 78.6 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగితే, ధ్యానం చేసినవారిలో 15.4 శాతం మందికే కలిగింది. ఇది చిన్న సంగతి కాదు. నేను చదవనిది మిగతాది. వాళ్ల ముఖ్యమైన జబ్బు ఆందోళన, నాకున్న డిప్రెషన్ కాదు. ధ్యానం జట్టు వాళ్లు ఎనిమిది వారాలపాటు వారానికి రెండున్నర గంటలు గురువు ఎదుట కూర్చున్నారు, ఇంటి దగ్గర రోజూ ముప్పావు గంట సాధన చేశారు. వేసుకుంటున్న మాత్రని మధ్యలో విసిరికొట్టి చాప ఎక్కమని ఆ పరిశోధనలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. లోను పత్రంలో అడుగున ఉండే సన్నక్షరాలు చదవనివాళ్లని ఇన్నేళ్లు మందలించిన మేనేజరుని నేను.

పది రోజుల శిబిరానికి దరఖాస్తు పెట్టాను. బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకుని ఎస్.ఎన్. గోయెంకా 1969లో ఇక్కడికి తెచ్చిన విపశ్యన పద్ధతి. ఏ ఊళ్లోనో చెప్పను. అక్కడివాళ్ల తప్పు వీసమెత్తు లేదు. ఫారంలో స్పష్టంగా అడిగారు: మానసిక అనారోగ్యం ఉందా, ఏమైనా మందులు వాడుతున్నారా అని. రెండింటికీ 'లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. కేవైసీ ఫారాల్లో ఎదుటివాళ్ల అబద్ధాలు పట్టుకుని జీతం తీసుకునేవాణ్ణి, నా ఫారం నేనే పాడుచేసుకున్నాను. బయల్దేరే రోజున మాత్ర వేసుకోలేదు. డబ్బాని ఇంట్లోనే వదిలేశాను.

అక్కడ తెల్లవారి నాలుగింటికి గంట. ఫోను వాళ్ల దగ్గర, మాట మన దగ్గరే. చదవకూడదు, రాయకూడదు, పక్కవాడి కళ్లలోకి చూడకూడదు. పదకొండింటికి భోజనం, సాయంత్రం టీ, కాసిని మరమరాలు, ఒక పండు. మూడు రోజులు ముక్కుపుటాల దగ్గర గాలి తగలడం ఒక్కటే గమనించాలి. నాలుగో రోజు నుంచి ఒళ్లంతా తల నుంచి కాలి దాకా వెతుక్కుంటూ, ఎక్కడ ఏ సంవేదన కలుగుతోందో, దానిమీద ఇష్టమూ అయిష్టమూ పెట్టుకోకుండా చూడాలి.

సరిగ్గా ఆ నాలుగో రోజునే నాకు కరెంటు వచ్చింది. తల కాస్త పక్కకి తిప్పితే పుర్రె లోపల చిటుక్కుమని ఒక షాకు. కనుగుడ్లు కదిపితే ఇంకోటి. అది మెడ మీదుగా దిగి చేతివేళ్ల కొసల దాకా జివ్వుమనేది. చిన్నప్పుడు మా మేనత్త చెప్పిన కుండలినీ కబుర్లన్నీ గుర్తుకొచ్చాయి. లేచింది, నాకు లేచింది! విపశ్యనలో కుండలినీ ఊసే ఉండదు. అయినా నా బుర్రకి ఆ తేడా పట్టలేదు. నా ఎడం పక్కన ఎన్నో శిబిరాలు చేసిన ఒక పెద్దాయన రాయిలా కూర్చుని ఉండేవారు. పాపం, ఇన్నేళ్లు చేసినా ఈయనకి ఇంకా కరెంటు రాలేదు కాబోలని ఆయన మీద జాలిపడ్డాను. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ రాత్రిపూట దుప్పటి ముఖం మీదికి లాక్కుంటాను.

ఎస్సిటాలోప్రామ్ ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు 30 గంటలు పడుతుంది. ఉన్నపళాన ఆపేస్తే రెండు మూడు రోజుల్లో కళ్లు తిరగడం, పీడకలలు, చిరాకు, ఏడుపు, తలలో ఈ కరెంటు షాకులు రావచ్చు. మందుల షాపు కుర్రాడికి కూడా తెలిసిన విషయం. నేను దాన్ని మోక్షం దారిలో మైలురాయి అనుకున్నాను. ఏడో రోజున కారణం లేకుండా వెక్కివెక్కి ఏడ్చాను. ఆచార్యుడు పిలిచి, చాలా మెత్తగా, "మందులేమైనా వాడి ఆపేశారా?" అని అడిగాడు. సూటిగా ఆయన కళ్లలోకి చూసి "లేదండీ" అన్నాను. ఆ మౌన వ్రతంలో నేను మాట్లాడిన అతి కొద్ది మాటల్లో ఒకటి అబద్ధం.

ఇంటికొచ్చాక నన్ను పట్టలేకపోయారు. మూడు గంటలు పడుకుంటే చాలుననిపించేది. వచ్చినవాడికీ పోయినవాడికీ ఉపన్యాసం. మా అమ్మకైతే నా బీపీ ధ్యానంతో పూర్తిగా తగ్గిపోయిందని ప్రకటించాను. లేని జబ్బుని నయం చేయడం ఎంత తేలికో చూడండి. ఆవిడ ఆనందం పట్టలేక ఆవకాయ జాడీ నా ముందు పెట్టి, వీధి వీధంతా చెప్పింది. ఆ కబురు విని మా మావయ్య, నిజంగా బీపీ ఉన్న మనిషి, తన మాత్రలు ఆపేసి ఉదయాన్నే పద్మాసనం వేయడం మొదలుపెట్టాడు. పన్ను పీకించుకోవడానికి వెళ్తే బీపీ చూసిన డెంటిస్టు హడలిపోయి, పన్ను సంగతి తర్వాత, ముందు గుండె డాక్టరు దగ్గరికి నడవమన్నాడు. గుండె జబ్బుల విషయంలో ధ్యానం సంగతి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో కూలంకషంగా పరిశీలించి, మందుకి తోడుగా చేసుకుంటే చేసుకోండి అంది గాని మందు మానమనలేదు. మావయ్య బతికి బట్టకట్టాడు. నాతో చాన్నాళ్లు మాట్లాడలేదు.

మావయ్య సంగతి నవ్వుకుంటూ చెప్పగలను. మా చిన్నాన్న కూతురి సంగతి అలా చెప్పలేను.

చెల్లెలికి రెండో కాన్పు అయింది. బిడ్డ పడుకున్నా తను పడుకునేది కాదట. ఊరికే కళ్లనీళ్లు. బిడ్డతో ఒంటరిగా గదిలో ఉండాలంటే భయం. బావ, అంటే దాని మొగుడు, నాకు ఫోన్ చేసి "బావగారూ, డాక్టరుకి చూపిద్దామా? అత్తయ్యేమో పచ్చి బాలింతని ఎక్కడికీ తిప్పొద్దంటోంది" అన్నాడు. నన్ను అడిగింది ఎందుకంటే అప్పటికి నేను బంధువుల్లో పెద్ద జ్ఞానిని. "డాక్టర్లకేం తెలుసు, నేనొస్తున్నా" అని బయల్దేరాను. బాలింత గదిలో కుర్చీ వేసుకుని కూర్చుని, నాలుగింటికి లేచి కళ్లు మూసుకోమని చెప్పాను. అది నీరసంగా "కూర్చోలేనేమో అన్నయ్యా" అంది. అప్పుడు నేనన్న మాట ఇది: "1994లో తీహార్ జైల్లో కిరణ్ బేడీ వెయ్యిమందికి పైగా ఖైదీల్ని పది రోజులు కూర్చోబెట్టింది. దొంగలూ హంతకులూ కూర్చోగా లేనిది నువ్వు కూర్చోలేవా?" మా పిన్ని పక్కనుంచి "వినవే, పెద్దాడు నీ మంచికే చెబుతున్నాడు" అంది. డాక్టరు మాట మళ్లీ ఎత్తలేదు ఎవరూ.

నెల పైన గడిచింది. పది వారాల టీకాకి బిడ్డని తీసుకెళ్లినప్పుడు, సూది వేసే ఏఎన్ఎం బిడ్డని చూడ్డం మాని తల్లి ముఖం చూసింది. నాలుగు ప్రశ్నలు అడిగి, అక్కణ్ణుంచే పెద్దాసుపత్రికి పంపింది. మా కుటుంబం మొత్తంలో బుర్ర ఉన్న మనిషి ఆ రోజు ఆవిడొక్కతే. పాలిచ్చే తల్లికి సరిపడే మందు ఇచ్చారు, వారం వారం మాట్లాడారు. తేరుకుంది.

ఈ కబురు నాకు చేరేటప్పటికి నేనూ కుప్పకూలి ఉన్నాను. ముందు నిద్ర పోయింది, తర్వాత ఆకలి. చాప మీద కూర్చుంటే శ్వాస కనబడేది కాదు. నేను పనికిరానివాణ్ణి అన్న ఒకే ఒక్క వాక్యం గంటసేపు తిరిగేది. దాన్ని వదిలించుకోవాలని ఇంకో గంట కూర్చునేవాణ్ణి. సాధన తగ్గిందేమోనని ఇంకో గంట. ఒక మధ్యాహ్నం డీడీ మీద సంతకం పెడుతుంటే చెయ్యి సగంలో ఆగిపోయింది. పెట్టాల్సిన వంపు ఎటు తిరగాలో తోచలేదు. ఏదో గీశాను. మా ఆఫీసరమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, "సార్, ఇది మీ సంతకంలా లేదండీ" అంది. ఎన్ని వేల చెక్కులు సంతకం కలవలేదని తిప్పి పంపానో! ఆ రోజు నా సంతకం నాకే కలవలేదు. సాయంత్రం మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా గుంటూరు బస్సు ఎక్కించింది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. కరెంటు షాకుల సంగతి చెప్పినప్పుడు మాత్రం పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టింది. నేను గొప్పగా వాట్సాప్ వార్త ముచ్చట ఎత్తితే, ఆవిడ ఇంకో రెండు పరిశోధనల గురించి చెప్పింది. బ్రిటన్‌లో మార్క్ విలియమ్స్, జాన్ టీస్‌డేల్, కెనడాలో జిండెల్ సెగల్ కలిసి, డిప్రెషన్ మళ్లీ మళ్లీ తిరగబెట్టేవాళ్ల కోసం ధ్యానాన్నీ ఆలోచనల చికిత్సనీ కలిపి ఒక పద్ధతి తయారుచేశారు. 2000లో అచ్చయిన పరీక్షలో 145 మంది ఉన్నారు. అంతకుముందు మూడుసార్లు గానీ అంతకుమించి గానీ డిప్రెషన్ వచ్చినవాళ్లలో, మామూలు వైద్యంతో 66 శాతం మందికి తిరగబెడితే, ఈ తరగతికి వచ్చినవారిలో 37 శాతం మందికే తిరగబెట్టింది. రెండుసార్లే వచ్చినవాళ్లకి ఏ మేలూ కనబడలేదు. "ఇంకో మాట" అంది డాక్టరమ్మ, "వాళ్లంతా అప్పటికి కోలుకున్నవాళ్లు. జబ్బు మధ్యలో ఉన్నవాళ్లని తీసుకోలేదు." 2015లో 424 మంది మీద జరిగిన పరీక్షలో మాత్ర ఆపడమూ ఉంది. కాకపోతే డాక్టరు పర్యవేక్షణలో, మెల్లగా తగ్గిస్తూ. రెండేళ్లలో ధ్యానం జట్టులో 44 శాతం మందికి, మాత్ర కొనసాగించిన జట్టులో 47 శాతం మందికి తిరగబెట్టింది. ఇంచుమించు సమానమే. మాత్ర మానాలనుకునేవాళ్లకి అదొక మంచి దారి. నాలాగా అర్ధరాత్రి నిశ్చయం చేసుకుని డబ్బా ఇంట్లో వదిలేసిపోవడం ఆ దారి కాదు.

దిగులు ఎలా తిరగబెడుతుందో కూడా ఆవిడే చెప్పింది. మామూలు మనిషికి చిన్న చిన్న విచారాలు వచ్చి పోతుంటాయి. ఒకసారి డిప్రెషన్ లోయ చూసినవాడికి ఆ చిన్న విచారమే పాత ఆలోచనలన్నిటినీ వెంటబెట్టుకొస్తుంది. అవి వస్తున్న మొదట్లోనే, ఇది ఆలోచన, నిజం కాదు అని గుర్తుపట్టడం ధ్యానంలో అలవడుతుంది. అవి ఇల్లంతా ఆక్రమించుకున్నాక కళ్లు మూసుకుంటే వాటితోనే కూర్చోవాలి. కొందరికి శ్వాసను గమనించడమే గండం. ప్యానిక్ వచ్చేవాళ్లకి గుండె చప్పుడు వినబడితేనే భయం రెట్టింపవుతుంది. ధ్యానం వల్ల చెడు జరిగిందా అని 83 అధ్యయనాల్ని తిరగేసిన 2020 నాటి సమీక్షలో నూటికి ఎనిమిది మందికి పైగా ఏదో ఒక ఇబ్బంది లెక్కకొచ్చింది, ఎక్కువగా ఆందోళన, దిగులు. మాటలతో చేసే మానసిక చికిత్సల్లోనూ ఇబ్బందులు ఇంచుమించు ఆ పాళ్లలోనే ఉంటాయట. కాబట్టి బెదరక్కర్లేదు. కానీ ఒళ్లు తెలియకుండా దిగకూడదు.

కోలుకునే రోజుల్లో తీరిక చిక్కి బౌద్ధ గ్రంథాల అనువాదాలు తిరగేస్తుంటే, సంయుత్త నికాయంలో వైశాలి కథ ఒకటి కంటబడింది. బుద్ధుడు శరీరం అశుభమని భావన చేసే ధ్యానం నేర్పి, పక్షం రోజులు ఏకాంతంలోకి వెళ్తాడు. తిరిగొచ్చి చూస్తే సంఘం పలచబడి ఉంటుంది. ఆ ధ్యానంతో దేహం మీద రోత పుట్టి ఎందరో భిక్షువులు ప్రాణాలు తీసుకున్నారని ఆనందుడు చెప్పి, మరో పద్ధతి ఉపదేశించమని అడుగుతాడు. అప్పుడు చెప్పినది ఆనాపానసతి, మా కొలీగ్ గడ్డి మీద నేర్పినదే. అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడు విశుద్ధిమార్గంలో 40 రకాల ధ్యాన విషయాలు చెప్పి, ఎవరి స్వభావానికి ఏది తగునో విడదీశాడు. ఒకే చాప అందరికీ సరిపోదన్న సంగతి అంత పాతది. నేనేమో బ్యాంకు మేనేజరుకీ, బీపీ మావయ్యకీ, పచ్చి బాలింతకీ ఒకటే చీటీ రాసిచ్చాను.

మా అమ్మకి చివరికి నిజం చెప్పాను. డబ్బా ముందు పెట్టి, ఇది నాన్నది కాదు, నాది, ఇది ఫలానా జబ్బుకి అన్నాను. పెద్ద రభస అవుతుందనుకున్నా. ఆవిడ చాలాసేపు ఊరుకుని, "మీ చిన్న తాతయ్యకీ ఇట్లాగే ఉండేదిరా" అంది. మా ఇంట్లో చిన్న తాతయ్య అంటే పటం కట్టిన మహానుభావుడు. వైరాగ్యం కలిగి శ్రీశైలం వెళ్లిపోయాడని, అడవిలో తపస్సు చేసుకున్నాడని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. "రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదు, దొడ్లో అటూ ఇటూ తిరిగేవాడు, అన్నం సహించేది కాదు, ఊరికే ఏడ్చేవాడు. వైరాగ్యమన్నారు" అంది అమ్మ. ఆయనది వైరాగ్యమో, జబ్బో ఇప్పుడు తేల్చడానికి నేనెవర్ని? కానీ జబ్బయితే మాత్రం పూజించడం తప్ప ఎవరూ ఏమీ చేయలేదు. 2015-16లో మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో, మానసిక జబ్బులున్నవాళ్లలో జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మంది దాకా వైద్యం అందనివాళ్లేనని తేలింది. మన తెలుగు రాష్ట్రాలు ఆ పన్నెండింటిలో లేవు. ఉంటే అంకె మెరుగ్గా ఉండేదని నేననుకోను.

చెల్లెలి దగ్గరికి వెళ్లి తప్పయిందన్నాను. అది బిడ్డకి ఉగ్గు పెడుతోంది. తలెత్తకుండానే అంది: "కళ్లు మూసుకోమన్నావు అన్నయ్యా. కళ్లు మూసుకుంటే వచ్చేవాటికి భయపడే కదా నేను నిద్రపోకుండా కూర్చున్నది." తర్వాత కాఫీ ఇచ్చింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

నేను ధ్యానం మానలేదు. డాక్టరమ్మ సరేనన్నాక, మొదట కొద్ది నిమిషాలు, కళ్లు సగం తెరిచి, మళ్లీ మొదలుపెట్టాను. మాత్ర కూడా ఉంది. తగ్గించే వేళ ఆవిడే చెబుతుంది. మూడింటికి మెలకువ వచ్చిన రాత్రుల్లో, ఈసీ చూశానా లేదా అన్న ఆలోచన తలుపు తోస్తుంటే, వచ్చావా అని పలకరించడం కొంచెం అలవాటైంది. కొన్ని రాత్రులు వెళ్లిపోతుంది. కొన్ని రాత్రులు పోదు.

ధ్యానం ఎక్కడ నేర్చుకోవాలని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతారు. ముందు నిద్ర ఎలా పడుతోందంటాను. తిండి సంగతి, పని మీద మనసు, చచ్చిపోవాలనిపిస్తోందా అన్నదీ అడుగుతాను. జవాబులు నచ్చకపోతే శిబిరం పేరు చెప్పను, 14416 నంబరు రాసిస్తాను. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. ఏ వేళ చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. నంబరు చూడగానే చాలామంది ముఖం మాడ్చుకుంటారు. మొన్న మా క్యాషియరు కుర్రాడు "నేనేమన్నా పిచ్చోణ్ణా సార్?" అని కాగితం బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు. మర్నాడు రాత్రి మెసేజి పెట్టాడు: "సార్, ఆ నంబరు ఒకసారి పంపండి, మా తమ్ముడికి." వాడికి తమ్ముళ్లు లేరు. నంబరు పంపి, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ తమ్ముడికి తోడు కావాలంటే నేనొస్తానని రాశాను.